మా ఊరి పికప్‌కి బ్రేకులు మార్చాం

ఈసారి నోటిఫికేషన్ల గురించి కాదు, స్కాలర్‌షిప్ గురించి కాదు, బ్రేకుల గురించి రాస్తున్నాం. పోస్టు పెద్దదే, కొంచెం ఓపిక చేసుకోండి. మీ ఊళ్లో పికప్ బండి ఉంటే, మీ అమ్మానాన్నలు దాని వెనకాల కమ్మీ పట్టుకుని నిలబడి సంతకి వెళ్తుంటే, ఇది మీకోసమే.

మాది పాడేరు దగ్గర కొండ మీద ఊరు. ఊరి పేరు రాయట్లేదు. రాస్తే బండి ఎవరిదో తెలిసిపోద్ది, మామకి అది ఇష్టం లేదు. మా ఊరికీ చుట్టుపక్కల మూడు ఊళ్లకీ కలిపి ఒక్కటే పికప్, ఫైనాన్స్ మీద తీసుకున్నది. కాగితాల ప్రకారం అది సరుకు బండి, 1.3 టన్నులు మోసేది. మా లెక్కలో మాత్రం అదే బస్సు, అదే లారీ, అదే అంబులెన్సు. పసుపు, అల్లం, రాజ్‌మా, పిప్పళ్లు, కాఫీ గింజలు దిగేది దాంట్లోనే. బియ్యం, సిమెంటు, రేకులు ఎక్కేది దాంట్లోనే. డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకొచ్చిన గర్భిణిని 108 అందకపోతే ఆస్పత్రికి దించేది అదే. పెద్దాసుపత్రిలో పోయినవాళ్లని ఇంటికి తెచ్చేదీ అదే.

మేము అంటే ఐదుగురం. ఇద్దరు ఐటీఐలో డీజిల్ మెకానిక్ చేశారు, ఒక చెల్లి డిగ్రీ ఫిజిక్స్, ఒకడు బీఈడీ, ఇంకొకడు టెన్త్‌తో ఆపేసి మామ దగ్గరే క్లీనర్. దసరా సెలవులకి అందరం ఊళ్లో కలిశాం. బండి ఎక్కిన మొదటిరోజే ముందు చక్రాల దగ్గర చప్పుడు వినిపించింది. క్లీనర్ తమ్ముడు చెప్పాడు, వానాకాలం మొదట్లో కీచుమని అరిచేదట. తర్వాత ఆ అరుపు పోయి గరగరలాడుతోందట. "అరుపు పోయింది గదా, సర్దుకుందనుకున్నాం" అన్నాడు.

ఇక్కడ ఒక మాట. ఆ కీచుమనే అరుపు రిపేరు కాదు, కబురు. చాలా ప్యాడ్లకి ఒక చిన్న స్టీలు నాలుక ఉంటుంది. ప్యాడ్ అరిగి పల్చబడ్డాక ఆ నాలుక డిస్కుకి తగిలి అరుస్తుంది, మార్చమని చెప్పడానికే. అది పట్టించుకోకుండా తిప్పితే ప్యాడ్ మీద ముద్ద మొత్తం అరిగిపోయి, వెనకున్న ఇనప రేకు నేరుగా డిస్కుని గీకుతుంది. అప్పుడు వచ్చేది గరగర. అరుపు ఆగి గరగర మొదలైందంటే తగ్గినట్టు కాదు, ముదిరినట్టు.

చక్రం విప్పి చూశాం. కొత్త ప్యాడ్ ముద్ద మందం 10 మి.మీ. పైచిలుకు ఉంటుంది, 3 మి.మీ.కి వచ్చేసరికి మార్చేయాలి. మా బండికి ఎడమ పక్క లోపలి ప్యాడ్ మీద ఒక మూల అసలు ముద్దే లేదు. డిస్కు మీద గోరు దిగేంత గీతలు, అంచున గట్టు, అక్కడక్కడ నీలం మచ్చలు. నీలం అంటే ఇనుము బాగా కాలిందని గుర్తు. దగ్గరగా లైటు వేస్తే వెంట్రుకంత పగుళ్లు రెండు కనిపించాయి. పగుళ్లు ఎందుకొచ్చాయో ఖాయంగా చెప్పలేం గానీ, మాకు ఒక అనుమానం ఉంది. ఘాటీ దిగాక కింద ఆగి, పొగలొచ్చే చక్రం మీద బకెట్టుతో నీళ్లు కొట్టే అలవాటు మన డ్రైవర్లందరికీ ఉంది. కాలిన పోత ఇనుము మీద చన్నీళ్లు పడితే పగులుతుంది, వంకర తిరుగుతుంది. చల్లారాలంటే ఆపి కూర్చోవాలి, అంతే.

మామ చూసి, "ప్యాడ్లు మార్చేద్దాం రా, డిస్కులు ఇంకో సీజన్ లాగేద్దాం" అన్నాడు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. కాఫీ డబ్బులు రావడానికి ఇంకా నెలలున్నాయి, కిస్తీ మాత్రం నెలనెలా వస్తుంది. ఫోన్‌లో అడిగితే ఒక మెకానిక్ కూడా, డిస్కుల్ని లేత్ మీద ఫేస్ చేయించి వేసెయ్యొచ్చు అన్నాడు. చేయించొచ్చు, మందం మిగిలి ఉంటే. ప్రతి డిస్కు మీదా ఇంతకంటే పల్చబడకూడదని ఒక అంకె కొట్టి ఉంటుంది. తుప్పు గీకి చూస్తే మా డిస్కు మీద 20 మి.మీ. అని ఉంది. ఐటీఐ తమ్ముడు వెర్నియర్ తెచ్చాడు. నేరుగా పెడితే అంచు గట్టుకి తగిలి ఎక్కువ చూపిస్తుంది. అందుకని డిస్కుకి అటొకటి ఇటొకటి ఒకేరకం రూపాయి బిళ్లలు ఆనించి కొలిచి, బిళ్లల మందం తీసేశాం. 19.3 వచ్చింది. మూడుసార్లు కొలిచినా అంతే. ఇంకా చెక్కించడానికి అందులో ఏమీ లేదు.

పల్చటి డిస్కు అయితే ఏటవుద్ది అని మామ అడిగాడు. దానికి ఫిజిక్స్ చెల్లి గోడ మీద బొగ్గుతో లెక్క వేసింది. అది మీరూ చూడాలి. లోడుతో బండి బరువు 2,800 కిలోలు అనుకుందాం. పాడేరు నుంచి మైదానానికి దిగుడు ఎత్తు సుమారు 800 మీటర్లు. రెండూ గుణించి 9.8తో హెచ్చిస్తే దాదాపు 2 కోట్ల 20 లక్షల జౌళ్లు. ఆ శక్తి ఎక్కడికీ పోదు. బండి కింద నిలబడేసరికి అదంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారి తీరాలి. ఎంత వేడి అంటే, 70 లీటర్ల చన్నీళ్లని మరిగించేంత. మన పెళ్లిళ్లలో అన్నం వండే పెద్ద డేగిశాకి ఎసరు పెట్టినట్టు. కొంత గాలికి పోద్ది, గేరులో ఉంటే కొంత ఇంజను మింగుద్ది. మిగతాదంతా డిస్కులూ డ్రమ్ములే మింగాలి, అందులో ఎక్కువ వాటా ముందు డిస్కులది. డిస్కు పల్చనైతే వేడి దాచుకునే ఇనుమే తక్కువ, అంటే తొందరగా కాలుద్ది. కాలితే ప్యాడ్ పట్టు జారుద్ది. ఆ వేడి బ్రేక్ ఆయిల్‌కి ఎక్కితే ఇంకా ప్రమాదం.

బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140కి పడిపోవచ్చు. మన కొండల మీద వాన, మంచు సంగతి మీకు తెలిసిందే. మా బండి డబ్బాలో ఆయిల్ డికాషన్ రంగులో ఉంది. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. పెడల్ నేలకి దిగిపోతుంది, చక్రం మాత్రం ఆగదు. "బ్రేకులు ఫెయిలయ్యాయి" అని పేపర్లో ఒక్క ముక్కలో రాసేస్తారు గానీ, ఆ ముక్క వెనక ఎన్నో నెలల అరుగుడు ఉంటుంది.

లెక్క అయ్యాక మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "సరే గానీ డబ్బులేవి" అన్నాడు.

ప్యాడ్ల సెట్టు, రెండు డిస్కులు, హబ్బు గ్రీజు సీళ్లు, బ్రేక్ ఆయిల్, గ్రీజు అన్నీ కలిపి 6,700 అయ్యాయి. మామ సగం ఇచ్చాడు. మిగతా సగం మా యూత్ డబ్బులు, సంక్రాంతి వాలీబాల్ టోర్నమెంట్ కోసం దాచినవి. దీని మీద మాలో మాకే గొడవ అయ్యింది, దాయట్లేదు. బండి మామది, కిరాయి మామకొస్తుంది, మనమెందుకు పెట్టాలి అని ఒకడు. ఆ బండి వెనకాల నిలబడేది మన అమ్మ అని ఇంకొకడు. చివరికి మామ పసుపు అమ్మాక తిరిగిచ్చేలా పుస్తకంలో రాసుకున్నాం. వాలీబాల్ నెట్టు ఈ ఏడాది కూడా పాతదే.

మేమే ఎందుకు చేశామంటే, గొప్పకి కాదు. ఊరి నుంచి మెయిన్ రోడ్డుకి 9 కిలోమీటర్లు దిగుడే. బ్రేకుల్లేని బండిని బ్రేకులు వేయించడానికి కొండ దింపడం ఏం తెలివి? అందుకే సామాన్లనే పైకి తెప్పించాం. అనకాపల్లిలో కొని బస్సు పార్శిల్‌లో పాడేరు, అక్కడినుంచి బైక్ మీద. పాడేరులో పనిచేసే ఒక ముసలి మేస్త్రిని కూడా బతిమాలి తీసుకొచ్చాం. పని మా చేతిది, కన్ను మేస్త్రిది. మీలో ఎవరైనా మొదటిసారి చేస్తుంటే ఇలాగే చెయ్యండి. యూట్యూబ్ చూసి ఒక్కరే బ్రేకులు విప్పొద్దు.

చదునుగా ఉంటుందని బడి ముందు పెట్టాం బండిని. వెనక చక్రాలకి చెక్క దిమ్మలు వేసి, నట్లు చక్రం నేల మీద ఉండగానే ఒక చుట్టు వదులు చేసి, అప్పుడు జాకీ. జాకీని నమ్మి కింద దూరకూడదు, స్టాండు పెట్టాల్సిందే. మా దగ్గర స్టాండ్లు లేకపోతే మేస్త్రి తెచ్చాడు. ఇటుకలు పెడదామని ఒకడు అంటే, ఇటుక బరువుకి చెప్పకుండా పిండవుద్ది అని తిట్టాడు.

కాలిపర్ విప్పాక దాన్ని రబ్బరు గొట్టం మీద వేలాడదీయకూడదు. గొట్టం లోపల తెగితే పైకి కనిపించదు. బైండింగ్ తీగతో స్ప్రింగుకి కట్టాం. ఎడమ కాలిపర్ విప్పినప్పుడు అసలు సంగతి తెలిసింది. అది జరగాల్సిన గైడ్ పిన్నుల్లో ఒకటి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. కాలిపర్ అటూ ఇటూ జరగకపోతే పిస్టన్ వైపున్న లోపలి ప్యాడ్ మీదే భారమంతా పడుతుంది. ఒక్క ప్యాడే అంతలా అరగడానికి కారణం అదే. ఇది చూడకుండా కొత్త ప్యాడ్లు వేసేసుంటే ఆరు నెలల్లో మళ్లీ ఇదే కథ. పిన్ను తీసి, ఎమరీ పేపర్‌తో రుద్ది, వేడికి కరగని బ్రేక్ గ్రీజు రాసి, చేత్తో జరుపుతుంటే నూనె రాసిన గడియలా జరిగేదాకా వదల్లేదు. మామూలు గ్రీజు అక్కడ పనికిరాదు, రబ్బర్లు ఉబ్బుతాయి.

నల్లటి పొడి ఉంటుంది కదా, దాన్ని ఊదొద్దు, గాలి కొట్టొద్దు. ఒకప్పుడు ప్యాడ్లలో రాతినార కలిపేవాళ్లు, ఏ ప్యాడ్‌లో ఏముందో మనకి తెలియదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేశాం. మేస్త్రి నలభై ఏళ్లుగా నోటితో ఊదుతున్నాడట. ఆయన దగ్గు వింటే మీకే తెలుస్తుంది.

కొన్ని బండ్లకి డిస్కు లాగితే వచ్చేస్తుంది. మా బండికి హబ్బుతో పాటు దిగాలి. స్ప్లిట్ పిన్ను, పెద్ద నట్టు తీస్తే బేరింగులతో సహా వచ్చింది. బేరింగుల్ని కిరసనాయిల్‌లో కడిగి, ఆరబెట్టి, అరచేతిలో గ్రీజు పెట్టుకుని గింజల మధ్యలోకి దూరేలా ఒత్తాం. ఈ పనికి సగం పూట పట్టింది. నట్టు బిగింపు మాత్రం మేస్త్రే చేశాడు. చక్రం తిప్పుతూ బిగించి, మళ్లీ కొంచెం వదిలి, ఆట లేకుండా, పట్టేయకుండా. అది పుస్తకంలో చదివితే వచ్చేది కాదని అర్థమైంది. మా ఐటీఐ వాళ్లిద్దరి చేతులూ ఆ చక్రం మీద పెట్టించి, "ఇదీ" అన్నాడు. స్ప్లిట్ పిన్ను కొత్తదే వేశాం, పాతది మళ్లీ వంచితే విరుగుద్ది.

కొత్త డిస్కులకి తుప్పు పట్టకుండా నూనె రాసి పంపిస్తారు. అది బ్రేక్ క్లీనర్‌తో తుడవాలి. తుడవకుండా వేస్తే కొత్త ప్యాడ్లు ఆ నూనె తాగి మొదటిరోజే పాడవుతాయి. రెండు పక్కలా ఒకేసారి మార్చాం. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేక్ కొట్టినప్పుడు బండి ఒక వైపు లాగుద్ది, మన రోడ్లలో ఆ వైపు లోయే ఉండొచ్చు.

ఆఖర్న ఆయిల్ మార్పు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ కొట్టాలి, ఒకరు కింద నిపుల్ దగ్గర. పెడల్ దగ్గర చెల్లి కూర్చుంది. మామ ముఖం ఒకలా పెట్టాడు, ఆ సీట్లో ఆడపిల్ల కూర్చోవడం ఆయనకి అదే మొదటిసారి. "పంపు... పంపు... పట్టుకో" అని కింద నుంచి, "పట్టుకున్నా" అని పైనుంచి. నిపుల్‌కి తగిలించిన ప్లాస్టిక్ గొట్టంలో ముందు డికాషన్ వచ్చింది, తర్వాత బుడగలు, ఆ తర్వాత తేనె రంగు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరకి వచ్చాం, డబ్బా ఖాళీ కాకుండా ఒకడు కాపలా. మధ్యాహ్నానికి పిల్లలందరూ బడి గేటు పట్టుకుని పంపు పంపు అని అరుస్తున్నారు. వెనక డ్రమ్ములు కూడా విప్పి చూశాం. లైనర్లు సగానికి పైగా ఉన్నాయి, లీకు లేదు, దుమ్ము తుడిచి మూసేశాం.

కదిలించే ముందు పెడల్ గట్టిపడేదాకా కొట్టాలి. పిస్టన్లు వెనక్కి నొక్కి ఉంటాయి కాబట్టి మొదటి రెండుమూడు తొక్కుళ్లకి ఏమీ ఉండదు. తర్వాత ఖాళీ బండితో బడి దగ్గర చదును ముక్క మీద 40 వేగం నుంచి 10 దాకా మెల్లగా తగ్గించడం, కొంచెం చల్లారనివ్వడం, మళ్లీ తగ్గించడం. ఇలా పాతికసార్లు. అప్పుడే ప్యాడు, డిస్కు ఒకదానికొకటి కుదురుతాయి. వంద కిలోమీటర్లు తిరిగాక వీల్ నట్లు మళ్లీ బిగించాం.

ఇంతవరకూ సామాన్ల సంగతి. సామాన్లకంటే కష్టమైంది అలవాటు. డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ చెయ్యడం, ఇంకొందరైతే ఇంజనే ఆపెయ్యడం మన దగ్గర మామూలు. పెడల్‌ని తేలిక చేసే బూస్టర్ వాక్యూమ్ మీద పనిచేస్తుంది, ఆ వాక్యూమ్ పంపు తిరిగేది ఇంజనుతోనే. ఇంజను ఆపితే రెండుమూడు తొక్కుళ్లకి అది అయిపోతుంది, తర్వాత పెడల్ రాయి. పైగా గేరులో లేకపోతే ఆ 70 లీటర్ల వేడిలో ఇంజను తన వాటా ఒక్క చుక్క కూడా తీసుకోదు. ఇంకో తమాషా, ఇప్పటి డీజిల్ ఇంజన్లలో చాలావాటికి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే డీజిల్ సరఫరా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనే ఇంజను తిరగడానికి డీజిల్ కాలుతుంది. మిగులుతుందనుకున్నది మిగలట్లేదన్నమాట. మామ ఇది నమ్మలేదు. కానీ ఇప్పుడు సెకండ్ గేరులో దింపుతున్నాడు. నమ్మి కాదు, మేం వెనకాల కూర్చుని చూస్తున్నామని.

లోడు మాట దగ్గర మాత్రం ఇంకా కుదరలేదు. 2018 సెప్టెంబర్ 11న తెలంగాణలో కొండగట్టు ఘాట్‌లో బస్సు పడి 60 మందికి పైగా చనిపోయారు. కారణాల మీద చాలా మాటలు వచ్చాయి గానీ, పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువమంది ఆ బస్సులో ఉన్నారన్నది అందరూ ఒప్పుకున్నదే. సంతరోజు మన పికప్‌లు చూడండి. బస్తాల మీద జనం, జనం మీద కోళ్లబుట్టలు. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. సరుకు బండిలో జనాన్ని ఎక్కించడానికి లేదు. 1994లో మోటారు వాహనాల చట్టం సవరించాక సరుకు యజమానికి, ఆయన తరఫున సరుకుతో వెళ్లే మనిషికి బీమాలో చోటొచ్చింది. ఊరికే ఎక్కినవాళ్లకి, కిరాయి ఇచ్చి ఎక్కినవాళ్లకి రాలేదు. 2002లో సుప్రీంకోర్టు కూడా అలాంటి ప్రయాణికులకి బీమా కంపెనీ బాధ్యత ఉండదని చెప్పింది. అంటే తన పసుపు బస్తాతో వెళ్లే రైతుకి ఒక లెక్క, పక్కనే ఆస్పత్రికని ఎక్కిన అవ్వకి ఇంకో లెక్క. ఇద్దరూ ఒకే మలుపులో పడతారు.

మామతో ఇదంతా చెప్పాం. "అయితే అవ్వని దింపెయ్యమంటారా" అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. బస్సు రాని ఊరికి ఆ ప్రశ్న మామని అడగాల్సింది కాదు. మనుషులున్న రోజు బస్తాలు తగ్గించమని మాత్రం అడిగాం. చూద్దాం అన్నాడు. మొన్న సంతకి నాలుగు బస్తాలు తక్కువ వేశాడని క్లీనర్ తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ తర్వాతి సంతకి మళ్లీ ఎప్పట్లాగే వేశాడట.

మీ ఊరి బండికి ప్యాడ్ ఎంతుందో చూడ్డానికి చాలావాటికి చక్రం విప్పక్కర్లేదు. రిమ్ము కన్నాల్లోంచి సెల్ లైటు వేస్తే డిస్కు పక్కన ముద్ద అంచు కనిపిస్తుంది. లోపలి ప్యాడ్ మాత్రం కింద నుంచి చూడాలి, మాది అరిగింది అదే. ఫోటో తీసి గ్రూపులో పెట్టండి, ఐటీఐ తమ్ముళ్లు చూసి చెబుతారు. పాడేరు, హుకుంపేట, జి. మాడుగుల వైపు ఎవరి దగ్గరైనా టార్క్ స్పానర్ ఉంటే వచ్చే నెల రెండు రోజులకి ఇవ్వగలరేమో చెప్పండి. పక్క ఊరి మామ కూడా తన బండి చూడమంటున్నాడు. వాళ్లది ఇంకా కీచుమనే అరుస్తోందట.